తెరచాప స్తంభమునకు కుదురు

మొయినాబాదునకు ఒకవంక ఉస్మాన్‌సాగరు, మఱొకవంక హిమాయత్‌సాగరు ఉన్నను, తెరచాప పడవల పందెములు చూడవలెనన్న నగరమందలి హుస్సేన్‌సాగరునకు పోవలెను. ప్రభుత్వ పాఠశాలల పిల్లలును అచట ఈ విద్య నేర్చియున్నారు. మీ మనుమలు నేర్వబోయినచో, పడవకు రంగు బాగున్నదా యని కాక, స్తంభపు కుదురు గట్టిగా నున్నదా యని యడుగుడు.

అచటి పడవలలో లేజరు అనునది యొకటి. కెనడా దేశస్థుడగు బ్రూస్ కిర్బీ 1969లో దీని రూపము గీసెను. పొడవు రమారమి 14 అడుగులు, నడుపువాడొక్కడే. దేహము కొయ్య కాదు, గాజునారను జిగురుతో పొరలుగా నతికినది. స్తంభమును లాగిపట్టు ప్రక్కత్రాళ్లు లేవు. పైకప్పు నుండి అడుగుదాక దిగిన గొట్టములో దానిని నిలుపుదురు. 7 చదరపు మీటర్ల చాపపై గాలిబలమంతయు ఆ గొట్టపు రెండు కొనలే మోయవలెను. గుంత వదులైన పందిరిగుంజ యెట్లూగునో మీకు నేను చెప్పనక్కఱలేదు.

గొట్టములో చేరిన ఇసుక, తిరుగుచుండు స్తంభము క్రింద తిరుగలివలె అడుగును అరుగదీయును. అతుకు విడును, నీరు పడవ కడుపున చేరును. తుదకు పెనుగాలిలో స్తంభము పైకప్పును చీల్చుకొని కూలును. అప్పుడు నడునీటిలో ఉండువాడు ఒంటరి పిల్లవాడు.

పరీక్ష సులభము. స్తంభమును తీసి, గొట్టమును నీటితో నింపి, గుర్తు పెట్టి కొంతసేపు ఆగవలెను. మట్టము దిగినచో కుదురు చెడినది. పైపూత చూచి మోసపోకుండుట పశువుల సంతకు పోవువారికి క్రొత్త విద్య కాదు గదా!

కొందఱు పైనుండి గొట్టములోనికి జిగురు పోసి యూరకుందురు. అరిగిన అడుగునకు అది కొంత సాయమే గాని, విడిన అతుకునకు బలమీయదు. నేను చూచిన పనివాడు గొట్టము ప్రక్కన పైకప్పునకు చేయిపట్టునంత రంధ్రము కోసెను. లోపలి తడిని పూర్తిగా ఆర్చి, గొట్టపు మొదలిచుట్టు గరుకుకాగితముతో రుద్దెను. ఆ ధూళి ఊపిరితిత్తులకు చెఱుపు. ముక్కునకు ముసుగు తప్పదు. పిమ్మట ఎపాక్సీ జిగురును చిక్కగా కలిపి మూలలు పూడ్చి, దానిపై గాజునారబట్టను ఒకదానికంటె నొకటి వెడల్పుగా పొరలు వేసెను. పాతపొరను పట్టుటలో చౌకయగు పాలియెస్టరు జిగురుకంటె ఇదియే మేలు.

జిగురు పూర్తిగా గట్టిపడినపిదప మరల నీరు నింపి చూచెను. మట్టము దిగలేదు. రంధ్రమునకు మరమూత బిగించి, స్తంభము క్రింద నునుపైన ప్లాస్టికు బిళ్ల వేసి, పడవను ఒడ్డునకు దింపించెను.