కంప్యూటరు వ్రాసే పద్దుకు నియమం ఎవరు పెట్టాలి?

(పాల సంఘాల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



చిట్టా, ఆవర్జా చేత్తో వ్రాసిన సంఘాలకు ఇప్పుడు లెక్కల సాఫ్ట్‌వేరు వచ్చినది. దీనికి నియమం ఒకసారి చెప్పి ఉంచితే చాలును. పాలు పోసిన వెంటనే పాల కొనుగోలు ఖాతాకు ఖర్చు, సభ్యుని పేరున జమ తనంతట తానే వ్రాసుకుంటుంది. మంచిదే. అయితే గుమాస్తా చేతి తప్పు ఒక పేజీలో ఉంటుంది, నియమంలోని తప్పు పూటపూటకూ పడుతూనే ఉంటుంది. కనుక నియమాన్ని మనమే చదివి ఒప్పుకోవాలి.

తరుగు సంగతి చూడండి. సంఘంలో కొలత లీటర్లలో, డెయిరీ రసీదు కిలోలలో అనుకుందాం. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. మనం 400 లీటర్లు పంపితే అది 412 కిలోలు. రసీదు 405కు వచ్చినదంటే 7 కిలోలు తగ్గినట్టు. నియమంలో ఈ మార్పిడి పెట్టకపోతే 400 పంపి 405 ముట్టినదని, 5 ఎక్కువ వచ్చినట్టు లెక్క చూపుతుంది! నష్టం లాభమై కూర్చుంటుంది. తేడా ఎంత వచ్చినా "తరుగు ఖాతాకు వేసెయ్యి" అనే నియమం ఇంకా ప్రమాదం. పాలు దారిలో ఒలికినా, ఎవరైనా తీసినా ఒకే పద్దులో కలిసిపోతాయి. పాలకవర్గం ఒక హద్దు పెట్టి, అది దాటిన తేడాను అనామతు ఖాతాలో నిలిపి, కారణం వ్రాసిన తరువాతనే తీర్చాలి.

ఇక దాణా బాకీ. 1,200 రూపాయల బస్తాకు బిల్లుకు 400 చొప్పున మూడు కోతలు. "ప్రతి బిల్లులో 400" అని మాత్రమే ఉంటే నాలుగవ బిల్లులోనూ కోస్తుంది. "బాకీ ఉన్నంతవరకు" అన్న మాట నియమంలో ఉండాలి. గేదె ఒట్టిపోవచ్చిన రోజులలో బిల్లే 350 అయితే? ఇంటికి రొక్కం ఏమీ రాదు, పైగా బాకీ. బిల్లులో ఎంత భాగం వరకు కోయవచ్చునో సంఘం తీర్మానించాలి. ఇది సాఫ్ట్‌వేరు అమ్మినవాడు తేల్చే విషయం కాదు.

నెయ్యి అమ్మే సంఘాలకు ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుండి నెయ్యిపై జీఎస్టీ 12 శాతం నుండి 5 శాతానికి తగ్గినది. పాత నియమం చెరపవద్దు. దానికి ముగింపు తేదీ వేసి, కొత్తది ఆ తేదీ నుండి పెట్టండి.

నియమాల పట్టీ కాగితంపై తీయించి, తీర్మానాల పుస్తకంలో అంటించి, ప్రతి మార్పు క్రింద తేదీ, సంతకం వేయించండి. తనిఖీకి వచ్చినపుడు మేము మొదట అడిగేది ఆ కాగితమే.