జబ్బు మనిషి పక్కన కూర్చోవడం

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘ సభ్యురాలి ప్రసంగం)



మన పంచసూత్రాలు నిద్రలో లేపి అడిగినా చెప్తాం. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు. నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు ఈ సూత్రాలే నన్ను నిలబెట్టాయి. ఆపరేషను ఆరోగ్యశ్రీలో అయింది. బస్సు ఛార్జీలకు, కూలికి పోలేని రోజుల్లో ఇంటి ఖర్చుకు సంఘం అప్పిచ్చింది. డబ్బు సంగతిలో మన సంఘాలకు ఒకరు నేర్పాల్సింది లేదు. డబ్బుతో తీరని కష్టం గురించి నాలుగు మాటలు చెప్పమని అధ్యక్షురాలు అడిగారు, అందుకే వచ్చాను.

స్నానం చేస్తుంటే శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిది జబ్బెట్లా అవుతుందిలే అనుకున్నా. అప్పుడు మిరప కోతలు, రోజుకూలి పోగొట్టుకోలేను. కోతలయ్యాక మా అమ్మాయికి సంబంధం వచ్చింది. తల్లికి జబ్బని తెలిస్తే వాళ్ళేమనుకుంటారోనని నోరు మూసుకున్నా. అట్లా నాలుగు నెలలు గడిచాయి. చివరికి సబ్‌సెంటర్‌లో ముప్పై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకు పరీక్షలు చేస్తుంటే ఏఎన్ఎం అమ్మాయి చూసి పెద్దాసుపత్రికి పంపింది. సూది పరీక్షలో క్యాన్సరని తేలింది.

ఆ రాత్రి నాకు చావు గుర్తుకు రాలేదు. ఇంకా పదకొండు కంతులు కట్టాలే, నా మూలంగా సంఘానికి మాటొస్తదేమో అని తెల్లవార్లూ అదే లెక్క.

ఆపరేషనయ్యాక మీరంతా పండ్లు పట్టుకుని వచ్చారు, మరిచిపోను. కానీ వచ్చినవాళ్ళలో ఒకామె, "మా పిన్నికీ ఇదే జబ్బు, ఆరు నెలలు కూడా ఉండలేదు" అంది. ఇంకొకామె, "ఏడవకూడదు, ధైర్యంగా ఉండాల" అంది. ఇద్దరిదీ మంచి మనసే. అయినా ఆ తర్వాత నేను ఎవరి ముందూ కన్నీళ్ళు పెట్టలేదు. స్నానాల గదిలో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేదాన్ని. రెండో కీమోకి జుట్టంతా చేతిలోకి వచ్చేసింది. ఒక పేరంటానికి నన్ను పిలవలేదు. ఇంట్లో నా గ్లాసు విడిగా పెట్టారు. క్యాన్సర్ అంటువ్యాధి కాదని డాక్టరు చెప్పినా నా గ్లాసు మాత్రం పక్కనే ఉండిపోయింది.

మా సంఘంలో ఒక వదిన మాత్రం వేరేగా వచ్చేది. చిక్కుడుకాయలు తెచ్చుకుని నా మంచం పక్కన కూర్చుని వలిచేది. జబ్బు ఊసెత్తేది కాదు. మూడోసారో నాలుగోసారో వచ్చినప్పుడు, తలెత్తకుండానే, "దేనికి భయమేస్తుందే నీకు?" అనడిగింది.

అప్పటిదాకా ఎవరూ అడగలేదు. నోట్లోంచి వచ్చిన మాట నాకే వింతగా అనిపించింది. "మీ అన్నయ్య అరుగు మీద పడుకుంటున్నాడు వదినా. నన్ను చూడటానికి అసహ్యమేమో" అన్నా. ఆమె సర్దిచెప్పలేదు. "అంతేలే, ఎవరికైనా అట్లాగే అనిపిస్తది" అని చేతిలో చేయి వేసింది. ఆ సాయంత్రం ఏడ్చి ఏడ్చి, చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

రెండు రోజులాగి ఆయన్నే అడిగేశా. "నిద్రలో చెయ్యి తగిలి కుట్లు ఊడతాయేమోనని భయమేసి బయట పడుకున్నా" అన్నాడు. ఆయన భయం ఆయన దాచుకున్నాడు, నా భయం నేను దాచుకున్నా. మధ్యలో రెండు నెలలు వృథాగా పోయాయి.

ఇంకొక సంగతి. కీమోలు అయిపోయాయి, కరెంటు పెట్టడం అయిపోయింది. అందరూ "గండం గడిచింది" అని ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. నాకు అసలు భయం అప్పుడే మొదలైంది. నడుం నొప్పొస్తే మళ్ళీ వచ్చిందేమో, దగ్గొస్తే మళ్ళీ వచ్చిందేమో. ఇప్పటికీ చెకప్ వారంలో నిద్ర పట్టదు. ఆ వారం ఎవరైనా ఒకరొచ్చి కాసేపు కూర్చుంటే చాలు.

అందుకని ప్రతి సంఘమూ కొన్ని పద్ధతులు పెట్టుకోవాలని కోరుతున్నాను.

సభ్యురాలికి పెద్ద జబ్బని తెలిస్తే ఇద్దరిని అనుకోవాలి. ఒకరు ఆసుపత్రికి తోడు పోవాలి, డాక్టరు చెప్పింది కాగితం మీద రాసుకు రావాలి. భయంలో మనకు సగం మాటలు చెవికెక్కవు. ఇంకొకరు ఇంటికొచ్చి కూర్చోవాలి. చికిత్స ముగిశాక కూడా ఒక ఏడాది పాటు రావాలి.

పోయినవాళ్ళ కథలు చెప్పొద్దు. ఎంత ఖర్చయిందని అడగొద్దు. "ఏం కావాలి?" అంటే ఎవరూ చెప్పరు. "రేపు వంట నేను తెస్తా, పిల్లల్ని బడికి నేను పంపిస్తా" అనండి.

ఆమె ఒప్పుకుంటే తప్ప తీర్మానం పుస్తకంలో జబ్బు పేరు రాయొద్దు. "వైద్యం నిమిత్తం" అంటే సరిపోతుంది.

పేరంటానికి పిలవండి. రావాలో వద్దో ఆమె చూసుకుంటుంది.

ఇంట్లో సేవ చేసే మనిషిని కూడా పలకరించండి. వాళ్ళకూ నిద్రలుండవు.

రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకుండా, బతుకు మీద ఆశ లేదన్నట్టు మాట్లాడుతుంటే దాన్ని పిరికితనం అనొద్దు. అదీ వైద్యం చేయాల్సిన బాధే. డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 ఉంది, డబ్బు కట్టక్కరలేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ నంబరు ప్రతి సంఘం పుస్తకం అట్ట మీద రాసుకోండి.

ఆఖరుగా, నాలాగా నాలుగు నెలలు ఆగొద్దు. రొమ్ములో గాని చంకలో గాని గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం, రక్తం రావడం, వీటిల్లో ఏది కనిపించినా, నొప్పి లేకపోయినా, ఆ వారంలోనే చూపించుకోండి. తొందరగా పట్టుకుంటే నయమయ్యే అవకాశం ఎక్కువ. కోతలు మళ్ళీ ఏడాదీ వస్తాయి.

మా అమ్మాయి పెళ్ళయింది. జబ్బు సంగతి వాళ్ళకు ముందే చెప్పాం, వాళ్ళేమీ అనలేదు. నాకు జుట్టు మళ్ళీ వచ్చింది, కాస్త ఉంగరాలు తిరిగింది. ఆ పదకొండు కంతులూ తీరిపోయాయి. ఇప్పుడు మా పక్క సంఘంలో ఒక చెల్లెలికి ఇదే జబ్బు. వారానికి రెండుసార్లు ఆమె దగ్గరకు పోతున్నా, చిక్కుడుకాయలు పట్టుకుని.