పడవకు క్రొత్త ఇంజను: టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా?

(గోపాలపురము తీరమున మన సంఘసభ్యుల సమావేశమందు చేసిన ప్రసంగపాఠము)



ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు తూర్పు తీరమున ఇంజను పడవలు వేటకు పోరాదను నిషేధము మనకందరకు తెలిసినదే. ఈ 61 దినములలోనే వలలు బాగుచేసికొందుము. పడవకు మరమ్మతు చేయించుకొందుము. పాత ఇంజను ఇక పనికిరాదని తేలినచో క్రొత్తదానిని గూర్చి విచారింతుము. ఈ సమయమున ఎక్కువగా వినవచ్చు ప్రశ్న ఒక్కటే: టూ స్ట్రోకు కొనవలెనా, ఫోర్ స్ట్రోకు కొనవలెనా? దీనిని గూర్చి మేము తెలిసికొన్న సంగతులను మీ ముందుంచుచున్నాము.

పూరీ పెంటకోటలోను, ఈ గోపాలపురమునను, ఆర్జిపల్లిలోను స్థిరపడిన మనవారిని ఇచటివారు నోలియాలందురు. మన పెద్దలు కర్రతెప్పపై తెరచాప నెత్తి పోయినవారు. గాలికి వెల లేదు. గాలికొరకు అప్పు చేయ నక్కరలేదు. నేడు పడవ తరువాత ఇంటిలో పెద్ద ఖర్చు ఇంజనే. దానికొరకు చేపల వ్యాపారివద్ద బయానా పుచ్చుకొన్నవాడు తన చేపను అతనికే, అతడు చెప్పిన ధరకే ఈయవలసివచ్చును. కావున ఇది ఇనుమును గూర్చిన ప్రశ్న మాత్రమే కాదు. మన చేపకు ధర కట్టువా రెవరను ప్రశ్న కూడ.

మొదట ఈ రెంటికి గల భేదము చూతము. టూ స్ట్రోకు ఇంజనులో ఇరుసు ఒక్కసారి తిరుగునప్పటికే ఒకసారి మంట పుట్టును. క్రొత్తగా లోపలికి వచ్చు పెట్రోలు ఆవిరి, కాలిన పొగను బయటికి నెట్టును. అట్లు నెట్టునప్పుడు కాలని పెట్రోలు కొంత పొగతోబాటు నీటిపాలగును. కార్బురేటరు గల పాత పద్ధతి యంత్రములలో ఈ నష్టము సుమారు నాలుగవవంతు. నూనెను పెట్రోలులోనే కలిపి పోయవలెను, అదియు కాలిపోవును. అయితే భాగములు తక్కువ, బరువు తక్కువ, లాగుడు చురుకు. ఫోర్ స్ట్రోకులో ఇరుసు రెండుసార్లు తిరిగినగాని ఒకసారి మంట పుట్టదు. పొగ పోవుటకు, గాలి వచ్చుటకు వేరువేరు వాల్వులు కలవు. నూనె అడుగున ప్రత్యేకముగ నుండును. పెట్రోలు తక్కువ త్రాగును, చప్పుడు తక్కువ, మెల్లగ నడిపినను ఆగిపోదు. కాని వెల ఎక్కువ, బరువు ఎక్కువ, చెడగల భాగములు ఎక్కువ.

ఇక లెక్క. సుమారు పది గుర్రముల ఇంజను ముక్కాలు వేగముతో నడచునపుడు టూ స్ట్రోకునకు గంటకు నాలుగు లీటర్లు, ఫోర్ స్ట్రోకునకు మూడు లీటర్లు అనుకొందము. దినమునకు నాలుగు గంటల చొప్పున ఏడాదికి 200 దినములు పోవువానికి 800 గంటలగును. మొదటిదానికి 3,200 లీటర్లు, రెండవదానికి 2,400 లీటర్లు. మిగులు 800 లీటర్లు. లీటరు నూరు రూపాయలనుకొన్నను 80,000 రూపాయలు. నూనె సంగతి చూడుడు. ఏబది లీటర్ల పెట్రోలునకు ఒక లీటరు చొప్పున టూ స్ట్రోకునకు ఏడాదికి 64 లీటర్ల నూనె కావలెను. ఫోర్ స్ట్రోకునకు నూరు గంటల కొకసారి మార్చినను, మార్పున కొక లీటరు చొప్పున ఎనిమిది లీటర్లు చాలును.

అనగా నడచిన ప్రతి గంటకు నూరు రూపాయలకు పైగా మిగులుచున్నది. అంగడిలో రెండు ఇంజనుల వెలలు అడిగి, వాని తేడాను నూరుచే భాగింపుడు. వచ్చిన సంఖ్యయే ఆ తేడా తీరుటకు పట్టు గంటలు. తేడా 60,000 అయినచో 600 గంటలు. పైన చెప్పినవానికి ఒక్క యేడాదిలోపున తీరిపోవును. ఏడాదికి 60 దినములు, దినమునకు రెండు గంటలు మాత్రమే ఇంజను నడుపువానికి 120 గంటలే. అతనికి అయిదేండ్లు పట్టును. ఒకే ఇంజను ఒకనికి లాభము, ప్రక్కవానికి భారము. ప్రక్క పడవను చూచి కొనుట తగదు. మన పడవ నడచిన గంటలను చూచి కొనవలెను.

అయినను లెక్క యొక్కటే చాలదు. మన రేవులో జట్టీ లేదు. అలలను దాటి పోవలెను, అలలపై తిరిగి రావలెను, ఇంజనును విప్పి భుజముపై ఇసుకమీదుగా మోయవలెను. ఈ స్థాయి టూ స్ట్రోకు సుమారు 35 మొదలు 40 కిలోలుండగా ఫోర్ స్ట్రోకు 40 మొదలు 50 కిలోల వరకు ఉండును. ఆ పది కిలోలు యానాములో గౌతమీ గోదావరి ఒడ్డున పడవ కట్టుకొనువారికి లెక్కలోనిది కాదు, మనకు లెక్కలోనిదే. మరియు ఫోర్ స్ట్రోకును ఏ ప్రక్కకైన పడవేయరాదు; పుస్తకములో చెప్పిన ప్రక్కకే పరుండబెట్టవలెను. లేనిచో నూనె సిలిండరులోనికి పోవును. అలకు తిరగబడి మునిగినచో ఏ ఇంజనునైనను వెంటనే మంచినీటితో కడిగి, ప్లగ్గులు విప్పి, త్రాడు లాగి నీరు వెళ్లగొట్టవలెను. ఫోర్ స్ట్రోకునకు ఆపై నూనెయంతయు మార్చవలెను. ఈ విషయమున టూ స్ట్రోకు ఓర్పు గలది.

పెట్రోలు సంగతి కూడ మారినది. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపుట వ్యాపించినది. చాల అవుట్‌బోర్డుల పుస్తకములలో పది శాతమునకు మించరాదని కలదు. కొనుటకు ముందే అడిగి తెలిసికొనుడు. ఇథనాలు తేమను పీల్చును. నీరు ఎక్కువైనచో దానితో కూడి డబ్బా అడుగునకు దిగును. కలిపిన నూనె పైనున్న పెట్రోలుతో ఉండిపోవును. అప్పుడు టూ స్ట్రోకు పీల్చునది నూనె లేని ద్రవము, పిస్టను పట్టివేయును. ఫోర్ స్ట్రోకు కార్బురేటరులోని సన్నని రంధ్రములు నిలువ పెట్రోలుతో పూడుకొనును. కావున నిషేధకాలమునకు ముందు డబ్బా ఖాళీ చేసి, కార్బురేటరు ఎండువరకు నడిపి ఆపుట రెంటికిని అవసరము. కిరోసినుతో నడచు టూ స్ట్రోకులను నమ్ముకొన్నవారు 2020 నుండి చౌకధర కిరోసినునకు కేంద్ర సబ్సిడీ తొలగినదని గుర్తుంచుకొనవలెను.

మరమ్మతు మాట. టూ స్ట్రోకును మన కుర్రవాండ్రే విప్పి బిగింపగలరు. ఫోర్ స్ట్రోకునకు వాల్వుల సందు కొలుచువాడు, సామాను దొరకు అంగడి దగ్గరలో ఉండవలెను. పడవ ఒడ్డున నిలిచిన పది దినములు ఏడాది పొదుపును మ్రింగివేయును. అయితే కాలము ఎటు నడచుచున్నదో చూడుడు. అమెరికా ప్రభుత్వము 1996లో పొగపై నియమములు చేసిన పిదప అచట పాత పద్ధతి టూ స్ట్రోకులు క్రమముగ మరుగుపడినవి. శుభ్రముగ కాలు టూ స్ట్రోకులకు పేరొందిన ఎవిన్‌రూడ్ అవుట్‌బోర్డుల తయారీ కూడ 2020లో ఆగిపోయినది. కాలని నూనె నీటిలో చేరిన నష్టపడునది మనమే. చిలుకలో రొయ్యపిల్ల పెరుగు నీటిలో నూనె తెట్టు కట్టినచో మరుసటి యేటి పంట ఏమగును?

రెంటికిని వర్తించు మాట యొకటి. అవసరమునకు మించిన గుర్రముల ఇంజను కొనకుడు. బరువైన పడవకు చివరి కొద్దిపాటి వేగమునకే పెట్రోలు ఎక్కువ ఖర్చగును. వల బరువుతో నెమ్మదిగ పోవు పడవకు తక్కువ పిచ్ గల పంకా మేలు. మిక్కిలి ఎక్కువ గంటలు నడుపువారు పొడుగు ఇరుసు డీజిలు ఇంజనును కూడ విచారింపవచ్చును. బరువే దాని లోపము.

మా అభిప్రాయ మిది. ఏడాదికి అయిదారువందల గంటలు నడిపి, మెకానికు అందుబాటులో నున్నవారు ఫోర్ స్ట్రోకు కొనుట మేలు. తక్కువ గంటలు నడిపి, అలల రేవున దినదినము ఇంజను మోయువారు మంచి స్థితిలోనున్న టూ స్ట్రోకును విడువ నక్కరలేదు. ఏది కొన్నను చేప కొనువానివద్ద అప్పుచేసి కొనకుడు. ఒక్క యేడాది ఆగియైనను స్వంత సొమ్ముతోగాని బ్యాంకు అప్పుతోగాని కొనుడు.

కడపటి మాట మా సోదరీమణులకు. చేప అమ్మి డబ్బు లెక్కించునది మీరు. నేటినుండి ఒక నోటుపుస్తకమున తేది, నడచిన గంటలు, పోసిన లీటర్లు తెలుగులో వ్రాసియుంచుడు. ఇంజనుతో వచ్చు పుస్తకము ఇంగ్లీషున నున్నచో సంఘమునకు తెండు. చదువుకొన్న మన పిల్లలచే ముఖ్యాంశములను తెలుగున వ్రాయించి ఇంటింటికి ఇత్తము. వచ్చే నిషేధకాలమునాటికి మన చేత ఒక యేడాది లెక్క ఉండును. ఆ లెక్కను చూచి కొన్న ఇంజనే మనకు తగిన ఇంజను.