47 × 36: కింద లైన్లో ఆ సున్నా ఎందుకు పెడతాం?

వీడియో స్టార్ట్ చేసే ముందు చిన్న పని. ఒక పేపర్, పెన్ను తీసుకోండి. 47 ఇంటూ 36 చేయండి. క్యాలిక్యులేటర్ వద్దు, స్కూల్లో నేర్పినట్టే చేయండి.

చేశారా? 1692 వచ్చింది కదా. ఇప్పుడు నా ప్రశ్న. రెండో లైన్ మొదలుపెట్టేటప్పుడు కుడివైపు చివర ఒక సున్నా పెట్టారు. కొంతమంది ఇంటూ మార్కు పెట్టి ఉంటారు, కొంతమంది ఆ చోటు ఖాళీగా వదిలేసి ఉంటారు. అది ఎందుకు పెట్టారు?

ఈ ప్రశ్న నన్ను అడిగింది తొమ్మిదేళ్ల పిల్ల. నా మేనకోడలు. ఇంట్లో చిన్ని అంటాం. బీటెక్ చేశాను, నాలుగేళ్లు కోడ్ రాసి జీతం తీసుకున్నాను. అయినా నేను చెప్పిన సమాధానం ఏంటో తెలుసా? "అలా పెట్టాలి చిన్నీ, అంతే."

అసలు కథ చెప్తాను. మా అక్కావాళ్లు న్యూజెర్సీలో ఉంటారు. చిన్ని ఫోర్త్ గ్రేడ్. మా నాన్న తెనాలిలో ఎరువుల షాపులో ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన మనిషి. ప్రతి ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో మనవరాలికి హెచ్చవేతలు నేర్పించడం ఆయనకి పెద్ద పండగ. గుణకారం అనరు, హెచ్చవేత అంటారు. "ఏడు ఆర్లు నలభై రెండు, రెండు వేసి నాలుగు చేతిలో పెట్టుకో తల్లీ." అలా నేర్పారు. చిన్ని కూడా చకచకా చేసేసింది.

ఆ వారం హోంవర్క్ వెనక్కి వచ్చింది. ఆన్సర్లన్నీ కరెక్టే, కానీ పేపర్ మీద "బాక్సులు గీసి చూపించు" అని రాసి ఉంది. పిల్ల ఏమనుకుంది? తాతయ్య నేర్పింది తప్పు అనుకుంది. తర్వాతి ఆదివారం కాల్‌లో అదే మాట అనేసింది కూడా. "తాతయ్యా, నీ మెథడ్ రాంగ్ అంట." నాన్న నవ్వేసి ఊరుకున్నారు. కానీ ఆ పై వారం ఫోన్ మోగుతుంటే "మీరు మాట్లాడుకోండి, నాకు పొలం దగ్గర పనుంది" అని బయటికి వెళ్లిపోయారు. మాకు పొలం లేదు ఫ్రెండ్స్.

అప్పుడు అక్క నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్, ఆ బాక్సుల గోల నాకూ అర్థం కావట్లేదు. నువ్వన్నా చెప్పరా, రోజూ ఏడుపే" అంది. నేను పెద్ద మొనగాడిలా కూర్చున్నాను. ఐదు నిమిషాల్లో చిన్ని అడిగింది: "మామా, తాతయ్య చెప్పినట్టు చేస్తే ఆ జీరో ఎందుకు?" అక్కడే దొరికిపోయాను.

సరే, ఆ రాత్రి పేపర్ ముందు వేసుకుని కూర్చున్నాను. నాకు అర్థమైంది మీకు చెప్తాను. మీ ఇంట్లో చెల్లి కొడుకో, పక్కింటి పిల్లో, ట్యూషన్ పిల్లలో ఉంటే పనికొస్తుంది.

47 అంటే 40, ఇంకో 7. 36 అంటే 30, ఇంకో 6. ఒక పెద్ద డబ్బా గీసి, మధ్యలో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీయండి. నాలుగు గదులు వచ్చాయి. పైన 40, 7 రాయండి. పక్కన 30, 6 రాయండి. ఇప్పుడు ఒక్కో గది నింపుదాం.

30 ఇంటూ 40, 1200.
30 ఇంటూ 7, 210.
6 ఇంటూ 40, 240.
6 ఇంటూ 7, 42.

నాలుగూ కలిపితే 1692. స్కూల్లో దీన్నే ఏరియా మోడల్ అంటారు. 47 అడుగుల పొడవు, 36 అడుగుల వెడల్పు ఉన్న స్థలాన్ని నాలుగు ముక్కలు చేసి కొలిచాం, అంతే. ముక్కలు చేస్తే స్థలం పెరగదు, తగ్గదు.

ఇప్పుడు అసలు మ్యాజిక్ చూడండి. 6 ఉన్న వరసలో రెండు గదులు కలపండి. 240, 42 కలిపితే 282. 30 ఉన్న వరస కలపండి. 1200, 210 కలిపితే 1410. మొదట్లో మీరు చేసిన లెక్క ఒకసారి చూడండి. మొదటి లైన్ 282, రెండో లైన్ 1410. అవే నంబర్లు!

అంటే మన పాత పద్ధతి, ఈ బాక్సులు రెండు వేర్వేరు పద్ధతులు కావు. ఒకటే. బాక్సులో నాలుగు ముక్కలు విడివిడిగా కనిపిస్తాయి, మన పద్ధతిలో రెండేసి ముక్కలు ఒక లైన్లోకి మడిచేస్తాం. ఆ సున్నా ఎందుకో ఇప్పుడు తెలిసిందా? రెండో లైన్లో మనం 3 తో గుణించట్లేదు, 30 తో గుణిస్తున్నాం. 47 ఇంటూ 3 అంటే 141. పది రెట్లు చేస్తే 1410. ఆ సున్నా అంటే ఆ పది రెట్లే.

కోడ్ రాసేవాళ్లకైతే ఇలా చెప్తాను. పాత పద్ధతి ఆప్టిమైజ్ చేసిన కోడ్. ఫాస్ట్‌గా నడుస్తుంది, చిన్నగా ఉంటుంది, కానీ లోపల ఏం జరుగుతోందో కొత్తవాళ్లకి అర్థం కాదు. బాక్సు అంటే ప్రతి లైన్‌కీ కామెంట్ రాసిన కోడ్. నేర్చుకునేటప్పుడు ఏది కావాలి? మీరే చెప్పండి.

పేరెంట్స్‌కి ఇంకో భయం ఉంటుంది, మన పద్ధతి ఇక నేర్పరేమో అని. అలా ఏం లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు 2010 నుంచి తీసుకున్న కామన్ కోర్ ప్రమాణాల్లో నాలుగో తరగతిలో ఈ ఏరియా మోడల్ ఉంది, ఐదో తరగతికి వచ్చేసరికి మన మామూలు పద్ధతి తడబడకుండా రావాలని ఉంది. అంటే ముందు అర్థం, తర్వాత స్పీడ్. ఇది అమెరికా గొడవ మాత్రమే అనుకోకండి. మన ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల పాత మ్యాథ్ మ్యాజిక్ పుస్తకాల్లో కూడా డబ్బాలు గీసి గుణించడం ఉండేది.

ఇప్పుడు పిల్లలకి ఎలా చెప్పాలి? నేను చిన్నితో చేసింది ఇదీ.

ఒకటి. డైరెక్ట్‌గా 47 ఇంటూ 36 కి వెళ్లొద్దు. గళ్ల కాగితం మీద 14 ఇంటూ 3 గీయమనండి. 10 గళ్ల దగ్గర ఒక గీత. 30, ఇంకో 12, మొత్తం 42. నమ్మకం లేకపోతే గళ్లు లెక్కపెట్టుకోవచ్చు. పిల్లలకి ఆ నమ్మకం ముఖ్యం.

రెండు. పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది 30 ఇంటూ 40 దగ్గర. 120 అంటారు. "సున్నాలు లెక్కపెట్టి తగిలించు" అని షార్ట్‌కట్ చెప్పకండి. పది పదులు ఎంత? వంద. మరి మూడు పదుల్ని నాలుగు పదులతో గుణిస్తే? పన్నెండు వందలు. అలా నోటితో అనిపించండి.

మూడు. లెక్క చేసే ముందే అంచనా అడగండి. 40 ఇంటూ 30 అంటే 1200, 50 ఇంటూ 40 అంటే 2000. ఆన్సర్ ఈ రెండింటి మధ్య ఉండాలి. సున్నా మర్చిపోయి 282, 141 కలిపితే 423 వస్తుంది. అంచనా వేసిన పిల్ల అది చూడగానే "ఏదో తేడాగా ఉంది" అంటుంది. మనం ఎర్ర పెన్ను తీయక్కర్లేదు.

నాలుగు. బాక్సు బాగా వచ్చాక, పక్కనే మామూలు పద్ధతిలో కూడా చేయించండి. వరసలు, లైన్లు ఒకటేనని పిల్లలే కనిపెట్టాలి. మనం ముందే చెప్పేస్తే ఆ మజా పోతుంది.

ఐదు. ఎక్కాలు మానొద్దు. 6 ఇంటూ 7 దగ్గర ఆగిపోతే ఏ పద్ధతైనా నత్తనడకే.

చిన్ని సంగతి అలా సెట్ అయింది. మరి నాన్న? ఆయన దగ్గరికి నేను భాస్కరాచార్యుడిని తీసుకెళ్లాను. 1150 లో రాసిన లీలావతిలో 135 ఇంటూ 12 లెక్క ఉంది. దాన్ని ఆయన ఒక్క దారిలో చేయలేదు. 12 ని 8, 4 గా విడగొట్టి చేశాడు. 12 కి 8 కలిపి 20 చేసుకుని, 2700 లోంచి 1080 తీసేసి కూడా చేశాడు. ఎలా చేసినా 1620.

నాన్న కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఇందులో కొత్తేముందిరా? షాపులో నేను చేసేది ఇదేగా" అన్నారు. "ఎలా?" అన్నాను. "36 రూపాయల సరుకు 47 అంటే, 50 కి 1800. మూడింటికి 108 తీసెయ్. 1692. కాగితం ఎవడు తీస్తాడు కౌంటర్ దగ్గర?"

ముప్పై ఏళ్లు నోటితో ముక్కలు చేసి గుణించిన మనిషి, మనవరాలికి మాత్రం కాగితం పద్ధతి ఒక్కటే నేర్పారు. ఎందుకంటే అదే సరైన లెక్క, నోటి లెక్క షాపు కోసం అనుకున్నారు.

ఆ ఆదివారం నాన్న ఎక్కడికీ వెళ్లలేదు. చిన్నికి తన షాపు లెక్క చెప్పారు. అది కాసేపు ఆలోచించి, "తాతయ్యా, దీనికి బాక్స్ ఎలా గీయాలి?" అంది. పెద్ద బాక్సు గీసి, చివర మూడు నిలువు వరసలు కొట్టేసి చూపించింది. ఇద్దరూ నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. మధ్యలో నేను హలో అన్నా పట్టించుకోలేదు.

చిన్ని ఇప్పటికీ అప్పుడప్పుడు 30 ఇంటూ 40 దగ్గర 120 రాస్తుంది. కానీ ఇప్పుడు తనే చూసుకుని దిద్దుకుంటుంది.

ఫ్రెండ్స్, మీ పిల్లలు "ఇది ఎందుకు?" అని అడిగితే, తెలియకపోతే తెలియదని చెప్పండి. ఇద్దరూ కలిసి కూర్చోండి. "అలా పెట్టాలి అంతే" అని మాత్రం అనకండి. నేను అని చూశాను, బాగోదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు నోటి లెక్కలు ఎలా చేస్తారో ఒకసారి అడిగి, కామెంట్‌లో రాయండి. నచ్చితే వీడియో షేర్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో భాగహారం. అది ఇంకా పెద్ద గోల. ఉంటాను మరి, బై!