కంప్యూటరునకు క్రొత్త కరణము



ముప్పదియైదేండ్లు నల్లబల్ల ముందు నిలిచి విభక్తులు వల్లె వేయించిన నావంటివాడు కంప్యూటరును గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుడు, తప్పులేదు. కాని మీ యిండ్లలోను మనుమలు విడిచిపోయిన పాత కంప్యూటరు ఒకటి యుండవచ్చును. దానియందు మీరు పింఛను కాగితములో, పొలము పత్రములో దాచుకొనుచునే యుందురు. ఈ నాలుగు మాటలు అట్టివారి కొఱకు.

కంప్యూటరులో ఆపరేటింగు సిస్టమనునది యొకటి కలదు. అది పూర్వపు కరణము వంటిది. ఏ చేను ఎవ్వరిదో, ఏ దస్తావేజు ఏ పెట్టెలో నున్నదో కరణమునకే యెఱుక. అటులనే మీరు వ్రాసిన జాబు నెచ్చట దాచవలయునో, ప్రింటరు నెట్లు నడిపింపవలయునో ఈ సిస్టమునకే తెలియును. కరణము మాఱినంత మాత్రమున ఊరు మాఱదు. కాని లెక్కల అప్పగింతలో పొరపాటు జరిగినచో ఆ తగవు మూడు తరములకును తీరదు.

నా యంత్రము 2015లో కొన్నది. అందు విండోస్ 10 అను సిస్టముండెను. దానిని చేసిన మైక్రోసాఫ్టువారు 2025 అక్టోబరు 14వ తేదీతో దానికి సాధారణ పోషణ నాపివేసిరి. ఆ మఱునాడు నా యంత్రము యథాప్రకారము నడచెను. చిక్కంతయు నచ్చటనే యున్నది. ఏ సిస్టములోనైనను దొంగలు దూఱదగిన సందులు నెలనెలయు బయటపడుచునే యుండును; చేసినవారు వానిని పూడ్చుచుందురు. పూడ్చువారు లేనిచో సందు సందుగనే నిలిచిపోవును. అట్టి యంత్రముమీద బ్యాంకి లెక్కలు చూచుకొనుట గడియ విఱిగిన యింట ధాన్యము పోసికొనుటయే.

2021లో వచ్చిన విండోస్ 11కు మాఱుదమన్నచో, దానికి 4 జీబీల మెమరీ, 64 జీబీల స్థలము, టీపీఎమ్ 2.0 అను రక్షణ సాధనము ఉండవలెను. కడపటిది నా యంత్రములో లేదు. నడచుచున్న యంత్రమును పాఱవేయుటకు నా మనస్సంగీకరింపలేదు. నా మనుమరాలు లైనక్స్ చూడుమనెను. ఇది 1991లో ఫిన్లండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి యారంభించినది. తరువాత దేశదేశములవారు చేయి వేసి పెంచినారు. ఇందలి శాఖలలో మింట్ అనునది యొకటి. దాని 22వ కూర్పు 2 జీబీల మెమరీతోను, 20 జీబీల స్థలముతోను సరిపెట్టుకొనును, 2029 వఱకు పోషణ కలదు, వెల లేదు.

ఇందు నాకు మిక్కిలి నచ్చినది పరీక్షించు విధము. సిస్టమును పెన్ డ్రైవులో నెక్కించి, దానితోనే యంత్రమును మేల్కొల్పవచ్చును. అప్పుడది మెమరీలో మాత్రమే నిలుచును. మన డిస్కును మనము చెప్పనిదే ముట్టదు. నేను నాలుగు దినములట్లు చూచితిని. కొంచెము మందముగా నడచెను. ధ్వని వినబడెను, వైఫై కుదిరెను, ప్రింటరు ఒక పూట మొరాయించి పిదప లొంగెను. అచ్చట వ్రాసిన జాబు మాత్రము యంత్రము నాపగానే మాయమయ్యెను. అది దాని స్వభావము. మా పొరుగున నున్న వర్తకుడును చూచెను గాని, అతని జమాఖర్చుల ప్రోగ్రాము విండోసులోనే నడచునది. అతడు మాఱకుండుటయే మేలని నేనే చెప్పితిని.

ఇక నా తెలివితక్కువతనము చెప్పుకొనవలెను. ఇరువది యేండ్లుగా మా గ్రామపు శాసన పాఠములును, కుటుంబముల వంశావళులును సేకరించి 340 పుటలుగా టైపు చేసియుంటిని. చెప్పినవారిలో ననేకులు నేడు లేరు. మాఱుటకు ముందు ప్రతి తీయవలెనని విని, శ్రద్ధగా పెన్ డ్రైవులోనికి తీసితిని. తరువాత ఆ పెన్ డ్రైవులోనే మింటు నెక్కించితిని! అట్లెక్కించునప్పుడు అందున్నదంతయు చెఱిగిపోవునని తెరమీద వ్రాసియే యున్నది, నేను చదువలేదు. ఇతరుల దోషములు దిద్దుటకు జీతము తీసికొన్నవాడను.

ఐదవ దినమున స్థాపన కుపక్రమించితిని. డిస్కంతయు చెఱిపి స్థాపించుటయా, విండోసు ప్రక్కన స్థాపించుటయా అని సిస్టమడిగెను. శుభ్రముగా నుండునని మొదటిదానిపై వ్రేలుంచితిని. "తాతయ్యా, మీ రెండవ ప్రతి ఎక్కడున్నది?" అని మనుమరాలడిగెను. పెన్ డ్రైవులో నని చెప్పి, ఆ పెన్ డ్రైవు వంక చూచి, నోట మాట రాక కూర్చుంటిని. ఆ సాయంకాలమే రెండు క్రొత్తవి కొని, రెండింటను ప్రతులు తీసి, ఒకటి తమ్మునియింట నుంచితిని. అటుపిమ్మట విండోసు ప్రక్కనే మింటును స్థాపించితిని.

అంతటితోనైనను తీరలేదు. క్రొత్త చోట నా పుటలు తెఱచి చూడగా తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరములు, చిహ్నములు గుంపుగా కనబడెను. కారణము వినుడు. కంప్యూటరు ప్రతి యక్షరమును సంఖ్యగా దాచును. 1991లో వెలువడిన యూనికోడులో తెలుగునకు 128 స్థానములు వేఱుగా కేటాయించిరి. కాని నేను వాడిన పాత ఫాంటు ఆ పద్ధతిది కాదు. ఇంగ్లీషు సంఖ్యలకే తెలుగు రూపములు తొడిగినది. ఫాంటు లేనిచోట తొడుగు జాఱి ఇంగ్లీషే కనబడును. యూనికోడునకు మార్చు ప్రోగ్రాములు కలవు గాని, అవి ఒత్తులను తడబఱచుచున్నవి. క్రావడి యెగిరిపోయి వెంకట్రామయ్య "వెంకటామయ్య" యైనాడు. వంశావళిలో అట్టి మనిషి యెవ్వడును పుట్టలేదు.

అందుచే నేనును మనుమరాలును రాత్రులయందు ఒకరు చదువ నొకరు దిద్దుచున్నాము. ఇప్పటికి 212 పుటలైనవి. బ్యాంకి పనులు, జాబులు మింటులో జరుగుచున్నవి. విండోసు భాగమునకు ఇంటర్నెట్టు లేదు. పాత ఫాంటుతో సరిచూచుకొనుటకు మాత్రమే తెఱచుచున్నాను. తక్కిన 128 పుటలును ముగియువఱకు దానిని చెఱుపను.