చివరి కుళాయి దగ్గర కొలవండి

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను రసాయనశాస్త్రం చదివినదాన్ని కాదు, సమాజశాస్త్రం చదివినదాన్ని. అయినా ఈరోజు క్లోరిన్ గురించి మాట్లాడాల్సి వస్తోంది. ఊళ్లో విరేచనాలు మొదలైతే ముందుగా నిలదీసేది ఆడవాళ్లనే. బిందె తోమావా, చేతులు కడిగావా, నీళ్లు కాచావా? కుళాయి నీళ్లలో మందు కలిసిందా అని పంచాయతీని అడిగినవాళ్లని నేను చాలా తక్కువ చూశాను.

నీళ్లలో వేసిన క్లోరిన్ కొంత అందులోని మలినాలతోనూ, సూక్ష్మజీవులతోనూ ఖర్చయిపోతుంది. మిగిలినది దారిలో చేరే కాలుష్యం నుంచి కాపాడాలి. మనం కొలవాల్సింది ఈ మిగులునే. ఐ.ఎస్. 10500 (2012) ప్రమాణం ప్రకారం లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. వైరస్‌ల నుంచి రక్షణ కావాలంటే 0.5 ఉండాలి.

ఎక్కడ కొలవాలి? నేను పరిశీలనకి వెళ్లిన ఒక ఊళ్లో రిజిస్టరు చక్కగా ఉంది. అన్ని అంకెలూ 0.5కి అటూ ఇటూ. వాటర్‌మన్ ట్యాంకు కింది కుళాయి దగ్గర పట్టి చూసేవాడు. పైపు చివర ఉన్నది దళితవాడ. అక్కడి నీళ్లకి గొట్టంలో రంగే రాలేదు. అతను అబద్ధం రాయలేదు, గమనించండి. పైపు పొడుగునా క్లోరిన్ తరిగిపోతూ వస్తుంది. పైగా రోజుకి గంటసేపే నీళ్లొదిలే చోట, మిగతా సమయంలో ఖాళీ పైపులోకి పగుళ్ల గుండా మురుగు చేరుతుంది. ట్యాంకు దగ్గర ఎవరి ఇళ్లున్నాయో, చివర ఎవరివున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

2019లో మొదలైన జల జీవన్ మిషన్ ఊరికి ఐదుగురు స్త్రీలకి కిట్లతో నీటి పరీక్ష నేర్పాలంది. మంచిదే. కానీ చిన్న సంగతులు జారిపోతున్నాయి. పాత క్లోరోస్కోపులో ఆర్థోటాలిడిన్ వేస్తే పసుపు రంగు వస్తుంది. అది క్యాన్సర్ తెస్తుందన్న అనుమానం ఉంది, చేతికి తగలనివ్వకండి. డీపీడీ మాత్ర వేస్తే గులాబీ రంగు. నిమిషంలోపే చూసి రాసుకోవాలి. క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ గులాబీ విరిగిపోయి సున్నా లాగే కనబడుతుంది! ఘాటు వాసన వస్తూ రంగు రాకపోతే నీళ్లు పలచన చేసి మళ్లీ చూడండి. సీసాలో పట్టి మండలానికి పంపితే దారిలోనే క్లోరిన్ తగ్గిపోతుంది, అక్కడికక్కడే కొలవాలి.

ఒక మాట ఒప్పుకోవాలి. మందు వాసనకి టీ కూడా తాగలేకపోతున్నామని వాటర్‌మన్‌ని తిట్టేదీ మనవాళ్లే. గొడవెందుకని అతను బ్లీచింగ్ తగ్గిస్తాడు. వాళ్లది అజ్ఞానం అనడానికి నాకు మనసొప్పదు. మూతి కట్టని సంచిలో బ్లీచింగ్ పౌడర్ బలం తగ్గిపోతుంది. దాన్ని గుప్పిళ్లతో అంచనాగా వేస్తే ఒకరోజు ఘాటు, నాలుగు రోజులు సున్నా. అలాంటి నీళ్లని ఎవరు నమ్ముతారు?

అందుకని తేదీ, వేళ, ఏ వీధి కుళాయో, ఎంత వచ్చిందో రాసి, ఆ కాగితం గ్రామసభలో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. భోజనాలయ్యాక కిట్లు విప్పుదాం. మొదటి నమూనా, పొద్దున్న మనందరం టీ తాగిన ఈ వంటగది కుళాయిది.