పాత కచేరీ మిసిళ్లలో మన పెద్దల యుద్ధకాలపు పాలు

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



రెండవ ప్రపంచయుద్ధకాలమున మన పెద్దలు గావించిన సహాయమునుగూర్చి యొక పట్టికను ఈ సంచికలో ప్రకటింపవలెనని కార్యవర్గమువారు తలపెట్టి, ఆ పనిని మాకొప్పగించిరి. పట్టిక నేటికి సిద్ధము కాలేదు. ఏల కాలేదో విన్నవించుటకే యీ నాలుగు మాటలు.

ప్రభువులిచ్చినదానికి గుఱుతులు నిలిచియున్నవి. 1918లో ఫ్రాన్సున పోరిన 110వ వైమానికదళమునకు విమానములు సమకూర్చినవారు నిజాము. ఆ దళము హైదరాబాదు పేరనే ప్రసిద్ధి కెక్కినది. రెండవ యుద్ధమున 152వ దళమును ఆ పేరే దాల్చినది. మొదటి యుద్ధమున పోరిన హైదరాబాదు ఆశ్వికులకు ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో విగ్రహము కలదు. మన నల్లరేగడిలో పండిన జొన్న యెవరి పాతరనుండి వెడలి యే గోదాము చేరెనో చెప్పు శిల మాత్ర మెచ్చటను లేదు.

శిల లేకున్నను కాగితము కలదు. 1942లో బర్మా జపానువారి వశమగుటతో అచ్చటి బియ్యపు రాక నిలిచెను. మఱుసటి యేడు వంగదేశమున ఘోరక్షామము వచ్చెను. నిజాము రాజ్యమునను రైతులు ధాన్యమును సర్కారు నిర్ణయించిన ధరకు లెవీగా కొలువవలసి వచ్చినది. బజారు ధర వేఱు, లెవీ ధర వేఱు. పంట చాలనివాడు సావుకారు కడ అప్పుచేసి, హెచ్చు ధరకు కొని, తక్కువ ధరకు సర్కారుకు కొలిచెను. ఆ యప్పు తీరనప్పుడు దావా పడును. దావాలో అప్పునకు కారణము చెప్పవలయును. మనకు కావలసిన చరిత్ర ఆ యొక్క వాక్యములో నుండును.

ఈ మిసిళ్లు ఉర్దూలో నున్నవి. ప్రతి కక్షిదారునకు పేరు, తండ్రిపేరు, కౌము, పేషా, సాకిను అని వ్రాయుట ఆనాటి వాడుక. కౌమనగా కులము, కావున మనవారిని గుర్తించుట సులభము. తెలుగు చదువరి తడబడు చోటొకటి కలదు. ఉర్దూలో ముద్దయీ యనగా దావా వేసినవాడు; తెలుగున ముద్దాయి యనగా దావా మోసినవాడు. ఇది మఱచి మేము తొలిదినములలో అప్పిచ్చినవానిని బీదవానిగను, బీదవానిని సావుకారుగను వ్రాసికొని, ఒక నోటుపుస్తకమంతయు చించివేయవలసి వచ్చినది! ఫసలీ సంవత్సరము అక్టోబరులో మొదలగును. దానికి 590 కలిపిన అది ప్రారంభమైన ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. యుద్ధకాలపు మిసిళ్లు 1348 తుదినుండి 1354 తుదివఱకు వెదుకవలెను. మొత్తములు హాలీ సిక్కాలో నుండును; ఏడు హాలీ రూపాయలు రమారమి ఆఱు కల్దారు రూపాయలు. మఱియొక మాట. భైంసా యున్న ముధోలు తాలూకా 1956వఱకు నాందేడు జిల్లాలోనిది, పిదప ఆదిలాబాదునకు వచ్చినది, 2016నుండి నిర్మల జిల్లాలోనిది. మిసిలొక చోట దొరకనిచో లేదని తలపక, మిగిలిన చోట్లను అడుగవలెను.

ఇక పట్టిక మాట. మా పితామహునిగూర్చి యింట నెవ్వరును మాటాడెడివారు కారు. జొన్నలు దాచిన నేరమునకు జుర్మానా పడెనని మాత్రము వినియుంటిమి. మిసిలు నకలు తెచ్చి చదివించితిమి. పంచనామాలో పాతరలోని జొన్నలతోపాటు దూలమునకు వ్రేలాడగట్టిన విత్తనపు కంకులుకూడ లెక్కింపబడినవి. ఆయన జవాబులో ఇట్లున్నది: రెండేండ్లు లెవీ కొలిచితిని, రసీదులు దాఖలు చేయుచున్నాను, ఈ యేడు సగము భూమి ప్రత్తి వేసితిని, దానికిని జొన్నలే కట్టిరి. ఆ రసీదులు మిసిలులో నేటికిని కుట్టియున్నవి. ఈయనను సహాయము చేసినవారి పట్టికలో చేర్పవలెనా? నేరస్థుడని విడువవలెనా? మేము రెండు రాత్రు లాలోచించితిమి.

ఇంకొకటి చెప్పిన కొందఱికి కష్టము కలుగవచ్చును, కోపగింపవలదని ప్రార్థన. మన పెద్దలలో పటేలుగిరి చేసినవారును కలరు. తమ వంతు తగ్గించి పొరుగువాని వంతు పెంచినారన్న ఫిర్యాదులును ఆ కట్టలలోనే యున్నవి. ఫిర్యాదెల్ల నిజము కాదు, తీర్పుకూడ చదువవలెను. కాని పటేలు పేర అచ్చైన మణుగులలో ఇతరుల గింజలుండవచ్చునని మఱువరాదు.

కావున పట్టికకు విరాళములని పేరు పెట్టుట మాకు సమ్మతము కాదు. ఇచ్చినది, కొలిపించుకొన్నది, జప్తయినది వేఱువేఱుగ, మిసిలు సంఖ్యతో, వ్రాయవలెనని మా కోరిక. కార్యవర్గమువా రొప్పుకొన్న వచ్చు మహాసభనాటికి సమర్పింతుము.

శికస్తా లిపి చదువగల వృద్ధులు మన తాలూకాలో మిక్కిలి తగ్గిపోయిరి. ఒకరు దయతో రేపు ఉదయము ఈ పందిరిలోనే మాతో కూర్చుండుట కంగీకరించిరి. లెవీ రసీదుగాని, డిక్రీ నకలుగాని, ప్రామిసరీ నోటుగాని మీ యింట నున్న తెండు. చెదలు తిన్నదైనను తెండు. జిగురుపెట్టి అతికింపవలదు, వెనుకవైపున ముద్ర యుండును.